అండర్-11 గేమ్, 12 ఎత్తుల్లో మేట్: తప్పు ఓపెనింగ్‌దా, ఆడిన తీరుదా?

బంటు_అమ్మ

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. అండర్-11 టోర్నమెంట్‌లో నల్లపావులతో ఆడిన గేమ్ ఇది. తన స్కోర్‌షీట్‌లో ఉన్నది ఉన్నట్టే ఇస్తున్నాను (× అంటే కొట్టడం, + అంటే చెక్). ఎదురు కూర్చున్న బాబు రేటింగ్ కూడా దాదాపు తన రేటింగంతే.

1. ఈ4, ఈ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6
3. బిషప్ సి4, గుర్రం ఎఫ్6
4. గుర్రం జి5, డి5
5. ఈ×డి5, గుర్రం×డి5
6. గుర్రం×ఎఫ్7, రాజు×ఎఫ్7
7. క్వీన్ ఎఫ్3+, రాజు ఈ6
8. గుర్రం సి3, సి6 గుర్రం డి4
9. బిషప్×డి5+, రాజు డి6
10. క్వీన్ ఎఫ్7, గుర్రం×సి2+
11. రాజు డి1, గుర్రం×ఏ1
12. గుర్రం ఈ4 మేట్

పక్క బోర్డుల మీద ఇంకా క్యాస్లింగ్ కూడా కాకముందే ఈ గేమ్ అయిపోయింది. గడియారంలో టైమ్ అంతా అలాగే ఉంది.

ఇప్పుడు మాకు రెండు సలహాలు వచ్చాయి. ఒక కోచ్ ఏమంటారంటే, ఈ వయసు పిల్లలకు 1... ఈ5 (నల్ల మొదటి ఎత్తుగా ఈ5) ప్రమాదం, ట్రాపులు ఎక్కువ, నల్లతో కారో-కాన్, తెల్లతో లండన్ అనే ఓపెనింగ్‌లకి (గేమ్ మొదట్లో ఆడే ఎత్తుల వరుసలకి) మార్చేయండి అని. ఇంకొకరు ఓపెనింగ్‌ని అస్సలు ముట్టుకోవద్దు, లోపం వేరే చోట ఉందంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఇంట్లో మేమూ చెరో వైపు మాట్లాడుతున్నాం. ఈ ఓటమి నిజంగా ఓపెనింగ్ వల్లనేనా? ఆ వయసులో ఇలాంటి ఓపెనింగ్ ఆడించవచ్చా?

ఎనిమిదో_వరుస

పిల్లలకు నేర్పేవాడిగా చెప్తున్నాను. తీర్పు చెప్పేముందు ఒక్కో ఎత్తూ చూద్దాం.

నాలుగో ఎత్తు దాకా ఇది టూ నైట్స్ డిఫెన్స్ అనే ఓపెనింగ్, ఎక్కడా తప్పు లేదు. తెల్ల గుర్రం జి5కి రాగానే, ఆ గుర్రమూ సి4 బిషప్పూ కలిసి ఎఫ్7 బంటు మీద పడ్డాయి. దానికి డి5 సరైన జవాబు, బిషప్ దారికి అడ్డం పడుతుంది. అక్కడిదాకా పాపకి తెలుసు, అంటే ఎవరో నేర్పారు.

ఐదో ఎత్తులో గుర్రంతో డి5 కొట్టడం దగ్గర సమస్య మొదలైంది. పిల్లలు ఎందుకు అలా కొడతారో నాకు బాగా తెలుసు. మన బంటుని కొట్టారు, మనం తిరిగి కొట్టాలి అని వాళ్లకి మొదటి రోజు నుంచీ అలవాటు చేస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనిచేయదు. గుర్రం ఏ5కి వెళ్లి బిషప్‌ని తరమాలి. బంటు ఒకటి పోతుంది, దాని బదులు నల్లకి పావులు త్వరగా బయటికొస్తాయి. ఎప్పటినుంచో ప్రధానంగా ఆడుతున్న దారి అదే.

అయినా గేమ్ ఐదో ఎత్తులో పోలేదు. తెల్ల గుర్రం ఎఫ్7 మీద బలి ఇచ్చాక, రాజు ఈ6కి నడిచాక, ఎనిమిదో ఎత్తు దగ్గర బోర్డు చూడండి. డి5లో ఉన్న నల్లగుర్రం కదలలేదు, కదిలితే సి4 బిషప్ నుంచి రాజుకి చెక్. దాని మీద తెల్ల బిషప్, క్వీన్, గుర్రం మూడూ గురిపెట్టి ఉన్నాయి. నల్లకి అక్కడ చేయాల్సిన పని ఒక్కటే, డి5కి ఇంకో కాపలా. సి6 గుర్రం బి4కి వచ్చినా కాపలానే, ఈ7కి వచ్చినా కాపలానే. పాప డి4కి వేసింది. ఎందుకు? అక్కడి నుంచి క్వీన్ మీద దాడి, సి2 బంటు మీద దాడి. ఒకే ఎత్తుకి రెండు దాడులు కనిపించాయి. డి5 గుర్రం మీద ఎవరెవరు ఉన్నారో లెక్క పెట్టలేదు.

పదో ఎత్తులోనూ అదే జరిగింది. తెల్ల క్వీన్ ఎఫ్7కి వచ్చి కూర్చుంది, చెక్ కూడా కాదు. "ఈ క్వీన్ ఇక్కడికి ఎందుకొచ్చింది?" అని అడిగితే గుర్రం ఈ4 మేట్ కనిపిస్తుంది. పాపకి ఫోర్క్ (ఒకే గుర్రంతో రాజు మీదా రూక్ మీదా దాడి) కనిపించింది, రూక్ కనిపించింది. అక్కడ బిషప్ ఈ6 వేసి ఉంటే కనీసం వెంటనే మేట్ అయ్యేది కాదు, తెల్లదే పైచేయి అయినా సరే.

అంచేత నా మాట ఇది. ఐదో ఎత్తు తెలియకపోవడం. ఎనిమిది, పది ఎత్తులు చూడకపోవడం. ఓపెనింగ్ మార్చితే మొదటిది పోతుంది, రెండోది కొత్త ఓపెనింగ్‌లోకి పాపతో పాటే వస్తుంది.

బిషప్_ఎఫ్4

ఎనిమిదో_వరుస గారి విశ్లేషణతో గొడవ లేదు. ఆయన చివర్లో చెప్పిన దానితో ఒప్పుకోను.

చూడకపోవడం అన్ని ఓపెనింగుల్లోనూ ఉంటుంది, నిజమే. కానీ చూడకపోతే ఎంత నష్టం అన్నది ఓపెనింగ్‌ని బట్టి మారుతుంది కదా? రాజు ఈ6లో నడిబోర్డు మీద నిలబడి ఉన్నప్పుడు ఒక్క ఎత్తు చూడకపోతే మేట్. రాజు క్యాస్లింగ్ చేసుకుని మూలన ఉన్నప్పుడు ఒక్క ఎత్తు చూడకపోతే బంటు పోతుంది, మహా అయితే పావు పోతుంది, గేమ్ నడుస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లకి కావాల్సింది గేమ్ నడవడం. నలభై, యాభై ఎత్తులు ఆడిన గేమ్‌లో ఓడినా ఏదో ఒకటి నేర్చుకుంటుంది. 12 ఎత్తుల్లో మేట్ అయిన గేమ్‌లో ఏం నేర్చుకుంటుంది? కూర్చుంది, లేచింది.

ఇంకో సంగతి. ఆ వయసులో వారానికి ఎన్ని గంటలు చెస్‌కి దొరుకుతాయి? బడి ఉంటుంది, హోమ్‌వర్క్ ఉంటుంది. 1... ఈ5 ఆడాలంటే టూ నైట్స్ తెలియాలి, స్కాచ్ తెలియాలి, కింగ్స్ గాంబిట్, వియన్నా, పొంజియాని, తర్వాత రూయ్ లోపెజ్. ఒక్కోదానిలో ఒక్కో గొయ్యి. లండన్ లాంటి సిస్టమ్‌లో ఎదుటివాళ్లు ఏం ఆడినా మన డి4, బిషప్ ఎఫ్4, ఈ3, సి3 దాదాపు అలాగే వస్తాయి. మిగిలిన టైమ్ టాక్టిక్స్‌కీ ఎండ్‌గేమ్‌కీ పెట్టొచ్చు. డింగ్ లిరెన్ 2024 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లోనే లండన్ ఆడాడు. పిల్లల ఓపెనింగ్ అని తీసిపారేయడానికి లేదు.

రెండో_అంతస్తు

బిషప్_ఎఫ్4 గారూ, పాప నల్లపావులతో ఓడిందండీ. లండన్ తెల్లతో ఆడేది. ఆ గేమ్‌కి అది మందు ఎలా అవుతుంది?

బిషప్_ఎఫ్4

అందుకే నల్లతో కారో-కాన్ అని ఆ కోచ్ అన్నారు, నేనూ అదే అంటున్నాను. 1... సి6, 2... డి5. సి4 నుంచి ఎఫ్7 మీదకి వచ్చే బిషప్‌కి దారి మొదటే మూసేస్తాం. లండన్ మాట ఎత్తింది మొత్తం పద్ధతి గురించి.

ఎనిమిదో_వరుస

కారో-కాన్‌లో ఎంత భద్రంగా ఉంటారో ఒక్క ఉదాహరణ. 1. ఈ4 సి6, 2. డి4 డి5, 3. గుర్రం సి3 డి×ఈ4, 4. గుర్రం×ఈ4 గుర్రం డి7, 5. క్వీన్ ఈ2. ఇప్పుడు నల్ల చాలా సహజంగా రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తుంది. 6. గుర్రం డి6 మేట్. ఈ7 బంటు ఆ గుర్రాన్ని కొట్టలేదు, ఎందుకంటే ఎదురుగా తెల్ల క్వీన్ ఉంది. రాజు కదలడానికి చోటు లేదు.

ఆరు ఎత్తులు! మన పాప గేమ్‌లో సగం. పిల్లల టోర్నమెంట్లలో ఈ మేట్ నా కళ్లముందు పడింది. అక్కడ కూడా అడగాల్సిన ప్రశ్న అదే: "క్వీన్ ఈ2కి ఎందుకొచ్చింది? తన బిషప్‌కే అడ్డం పడి మరీ ఎందుకు కూర్చుంది?" ఆ ప్రశ్న అడిగే పిల్ల ఏ ఓపెనింగ్‌లోనైనా బతుకుతుంది.

లండన్‌లో కూడా నల్ల సి5 తోసి క్వీన్‌ని బి6కి తెస్తే బి2 బంటు మీద దాడి పడుతుంది. బిషప్ అప్పటికే ఎఫ్4కి వెళ్లిపోయింది, బి2కి కాపలా లేదు. ఎత్తులు అలవాటుగా వేసుకుపోయే పిల్లలు అక్కడే బంటు పోగొట్టుకుంటారు. ఎదుటివాళ్లు ఏం ఆడినా మనం అవే ఆడొచ్చు అన్న మాటే నాకు అన్నిటికంటే భయం. ఎదుటివాళ్ల ఎత్తు చూడక్కర్లేదని పిల్లకి మనమే చెప్పినట్టవుతుంది. ఈ గేమ్‌లో ఓడింది సరిగ్గా అందుకే.

తెల్లగడి_నల్లగడి

అందరూ ఓడిన పాప గురించే మాట్లాడుతున్నారు. నాకు గెలిచిన బాబు గురించి దిగులుగా ఉంది.

నాలుగో ఎత్తులోనే గుర్రాన్ని రెండోసారి కదిపి జి5కి పంపడం ఏం నేర్పుతుంది? పావులన్నీ బయటికి తీయాలి, ఒకే పావుని మళ్లీ మళ్లీ కదపొద్దు అని మనం క్లాసులో చెప్తాం. టోర్నమెంట్ రాగానే "గుర్రం జి5 వెయ్యి, తెలియనివాళ్లు పడతారు" అంటాం. ట్రోఫీలు వస్తాయి. రెండేళ్లకి అందరికీ ఏ5 జవాబు తెలిసిపోతుంది, అప్పుడు ఆ బాబు చేతిలో బంటు ఎక్కువ ఉంటుంది, ఆట మాత్రం ఉండదు. ఎదుటి పావులన్నీ మీదకి వస్తుంటే వెనక్కి తగ్గి కాచుకోవడం ఎవరూ నేర్పి ఉండరు. పాతకాలపు గొప్ప ఆటగాడు తర్రాష్ ఈ ఎత్తుని చేతకానివాళ్ల ఎత్తు అని ఊరికే అనలేదు.

ట్రాప్ మీద గెలుపు అలవాటైన పిల్లలు ఆలోచించడం మానేయడం నేను చూశాను. అండర్-9లో మెరిసి అండర్-13లో చెస్సే వదిలేసినవాళ్లు ఉన్నారు. ఇది నాకు చిన్న విషయం కాదు.

పాతగేమ్‌లు

తర్రాష్ మాట నిజమే. కానీ ఆ ఎత్తు వేసినవాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి.

మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్ స్టైనిట్జ్ ఇదే గుర్రం జి5 ఆడాడు. చిగోరిన్‌తో టెలిగ్రాఫ్ మీద ఆడిన మ్యాచ్‌లో, తొమ్మిదో ఎత్తులో ఆ గుర్రాన్ని హెచ్3కి, బోర్డు అంచుకి లాక్కున్నాడు. జనం విడ్డూరంగా చూసిన ఎత్తు అది. 1963లో బాబీ ఫిషర్ బిస్గుయర్ మీద మళ్లీ అదే గుర్రం హెచ్3 వేసి గెలిచాడు. వీళ్లు ట్రాప్ కోసం ఆడినవాళ్లా? బంటు తీసుకుని, దాడి తట్టుకుని, చివరికి ఆ బంటుతోనే గెలుస్తామని నమ్మి ఆడారు.

ఈ పాప గేమ్‌లో వచ్చిన గుర్రం×ఎఫ్7 బలిని ఫ్రైడ్ లివర్ అంటారు. నాలుగు వందల ఏళ్ల కిందటిది. ఇటలీలో పొలేరియో సుమారు 1610లో డొమెనికో అనే అతని మీద ఇదే ఆడాడు, రాజు ఈ6కి నడవడం దాకా ఎత్తుకి ఎత్తు అంతే. ఆ గేమ్‌లో నల్ల ఎనిమిదో ఎత్తులో గుర్రాన్ని ఈ7కి తెచ్చి డి5కి కాపలా పెట్టింది. ఓడింది, కానీ 20 ఎత్తులు దాటి పోరాడింది. ఎనిమిదో_వరుస గారు చెప్పిన తేడా అక్కడ కళ్లకు కడుతుంది.

నల్ల వైపు నుంచి కూడా ఈ ఓపెనింగ్ ఎంత లోతైనదో చూడాలంటే ఎస్ట్రిన్, బెర్లినర్‌ల గేమ్ చూడండి. ఉత్తరాల మీద ఆడే చెస్‌లో 1965లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ అది. ఎస్ట్రిన్ గుర్రం జి5 వేశాడు. నల్లతో ఆడిన బెర్లినర్ ఐదో ఎత్తులో డి5 తిరిగి కొట్టలేదు, ఏ5కీ వెళ్లలేదు, బి5 తోశాడు. ఆ గేమూ గెలిచాడు, చాంపియన్‌షిప్పూ గెలిచాడు. ఇక 1890లో ట్రాక్స్‌లర్ ఆడిన 4... బిషప్ సి5 ఉంది, ఎఫ్7ని కాపాడకుండా తెల్ల ఎఫ్2 మీదకి వెళ్లే పిచ్చి దాడి. ఇంత సంపద ఉన్న ఓపెనింగ్‌ని ట్రాప్ అని ఒక్క ముక్కలో కొట్టేయడం నాకు బాధగా ఉంది.

తెల్లగడి_నల్లగడి

ఫిషర్ 1963లో వేసిన ఎత్తుకీ, ఏం జరుగుతుందో తెలియకుండా ఎవరో చెప్పారని తొమ్మిదేళ్ల బాబు వేసిన ఎత్తుకీ పోలిక పెట్టకండి. నేను తప్పుపట్టేది ఎత్తుని కాదు, దాన్ని నేర్పే విధానాన్ని.

పాతగేమ్‌లు

ఆ బాబుకి తెలియదని మీరెలా అనుకున్నారు? 10. క్వీన్ ఎఫ్7 చూడండి. చెక్ ఇచ్చే ఎత్తు కాదది. ఎదురుగా సి2లో చెక్, ఏ1లో రూక్ పోవడం రెండూ ఉన్నాయి. వాటిని లెక్కచేయకుండా నిదానంగా క్వీన్‌ని తెచ్చి పెట్టాడు. రాజుని డి1కి జరిపి, రూక్‌ని వదిలేసి మేట్ చేశాడు. కంఠస్థం చేసి ఉండొచ్చు, బోర్డు మీద కనిపెట్టి ఉండొచ్చు. కనిపెట్టి ఉంటే మాత్రం ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని మెచ్చుకోవాలి.

అండర్16_ఆడుతున్నా

ఆంటీ, నేను ప్రస్తుతం అండర్-16 ఆడుతున్నాను. పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి.

చిన్నప్పుడు నాకు కూడా ఓపెనింగ్ మార్చేశారు. ఒక టోర్నమెంట్‌లో బాగా ఓడాక సిసిలియన్ తీసేసి ఫ్రెంచ్ ఇచ్చారు. అక్కడా ఓడాక పిర్క్ ఇచ్చారు. ఇలా మార్చుకుంటూ పోతే ఏమవుతుందంటే, ఏ పొజిషన్‌లోనూ "ఇది నా ఇల్లు" అనిపించదు. నాకు ఆట కుదురుకున్నది ఒకే ఓపెనింగ్‌లో పదే పదే ఓడి, ఆ ఓటముల గేమ్‌లన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాక. ప్రతి గేమ్‌లో ఒకే చోట తడబడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఇంకొకటి. మా విభాగంలో పెయిరింగ్స్ (ఎవరు ఎవరితో ఆడాలో) రాగానే అందరూ ఎదుటివాళ్ల పాత గేమ్‌లు వెతుకుతారు. అండర్-11లో అంత ఉండదు, చాలామంది గేమ్‌లు ఎక్కడా దొరకవు. అందుకే అక్కడ అందరూ ట్రాప్ మీద ఆధారపడతారు. పెద్దయ్యేకొద్దీ ట్రాపులు తగ్గి, పొజిషన్ అర్థం చేసుకున్నవాళ్లు నిలబడతారు. అందుకని ఇప్పుడు పాప 1... ఈ5 ఆడుతుంటే ఆడనివ్వండి. ఓపెన్ పొజిషన్లలో దెబ్బలు తిన్నవాళ్లకే టాక్టిక్స్ వంటపడతాయని నా నమ్మకం.

రేటింగ్ గురించి టెన్షన్ పడకండి ఆంటీ. 18 ఏళ్లలోపు, 2300 దాటనంతవరకు అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే మా అందరికీ కె విలువ (ఒక్కో గేమ్‌కి రేటింగ్ ఎంత మారాలో తేల్చే అంకె) 40 పెడుతుంది. సమాన రేటింగ్ ఉన్నవాళ్ల మీద ఓడితే 20 పాయింట్లు పోతాయి, ఇంకొకరి మీద గెలిస్తే ఆ 20 వచ్చేస్తాయి. పిల్లల రేటింగ్ ఎక్కడమూ దిగడమూ రెండూ వేగమే.

గడియారం_పక్కన

ఆర్బిటర్‌గా (టోర్నమెంట్ రిఫరీగా) పిల్లల విభాగాలే ఎక్కువ చూస్తాను. ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని మాట బంటు_అమ్మ గారి మొదటి పోస్టులోనే ఉంది: "గడియారంలో టైమ్ అంతా అలాగే ఉంది."

90 నిమిషాలకి ఎత్తుకి 30 సెకన్లు కలిపే గేమ్ అనుకోండి. 60 ఎత్తులకి లెక్కేస్తే ఒక్కొక్కరికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో పిల్లలు వాడేది పది, పదిహేను నిమిషాలు. బోర్డు నుంచి బోర్డుకి తిరుగుతుంటే నాకు కనిపించేది ఇదే. ఎదుటి పావు గడిలో దిగుతుండగానే వీళ్ల చెయ్యి లేస్తుంది. ముట్టుకున్న పావు ఆడాల్సిందే అన్న నియమం ఉంది కాబట్టి, చెయ్యి లేచాక కళ్లు తెరుచుకున్నా లాభం లేదు. ఎనిమిదో ఎత్తులో పాప గుర్రాన్ని పట్టుకున్నాక డి5 కనిపించిందేమో, ఎవరికి తెలుసు. అప్పుడైనా అదే గుర్రాన్ని బి4కి వేయొచ్చు.

కొందరు కోచ్‌లు ఇప్పటికీ "ముందు ఎత్తు రాసుకో, మళ్లీ చూసుకో, తర్వాత ఆడు" అని చెప్తున్నారు. అది నియమాలకి విరుద్ధం. డ్రా క్లెయిమ్ లాంటి సందర్భాల్లో తప్ప, ఆడాకే రాయాలి. దాని బదులు ఎదుటివాళ్ల ఎత్తు రాయడానికి అలవాటు చేయండి. వాళ్లు ఆడగానే గడి పేరుతో సహా శుభ్రంగా రాయాలి, రాశాకే ఆలోచించాలి, అంతవరకు చేతులు బల్ల కింద. క్వీన్ ఎఫ్7 అని రాస్తున్నప్పుడు ఆ ఎఫ్7 ఒకసారి మనసులో పడుతుంది. ఇది నేను పిల్లలందరికీ మొదటి రౌండ్‌కి ముందే చెప్తాను.

కాబట్టి ఓపెనింగ్‌దా, ఆడిన తీరుదా అన్న ప్రశ్నకి నా ఓటు ఆడిన తీరుకే.

బిషప్_ఎఫ్4

ఆర్బిటర్ గారి మాట విలువైనది. కానీ పిల్లల్ని నిదానంగా ఆడమని చెప్పని కోచ్ ఎవరండీ? అందరూ చెప్తారు. అది రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రెండు మూడేళ్లూ వాళ్లు టోర్నమెంట్లు ఆడుతూనే ఉండాలి కదా. నేను అడుగుతున్నది ఆ మధ్యకాలం గురించి. నిదానం వచ్చేదాకా, తొందర వల్ల ఒక్క ఎత్తులో ప్రాణం పోని ఓపెనింగ్ ఇవ్వడంలో తప్పేముంది? ఈత రాని పిల్లని ముందు లోతు తక్కువ నీళ్లలోనే దింపుతాం.

కారో-కాన్‌లో ఆరు ఎత్తుల మేట్ ఉందన్నారు. ఉంది. కానీ ఆ ఒక్క 5. క్వీన్ ఈ2 పాపకి చెప్పేస్తే అయిపోతుంది. టూ నైట్స్‌లో ఎన్ని చెప్పాలి? 5... గుర్రం×డి5 ఆడితే తెల్లకి బలి ఒక్కటే కాదు, ముందు 6. డి4 తోసి ఆ బలిని ఇంకా బలంగా చేసే లోల్లి దాడి కూడా ఉంది. గుర్రం ఏ5 ఆడితే 6. బిషప్ బి5+ సి6, 7. డి×సి6 బి×సి6 దగ్గర తెల్ల బిషప్‌కి వెనక్కి వెళ్లే దారులే ఈ2, డి3 అని రెండు, లేదా మధ్యలో క్వీన్ ఎఫ్3. ప్రతిదానికీ వేరే జవాబు. తొమ్మిదేళ్లకి ఇంత భారం అవసరమా?

రెండో_అంతస్తు

ఈ వాదన నాకు కొంత నచ్చింది. కానీ గేమ్‌లు ఓపెనింగ్‌లోనే పోతాయన్న లెక్క పెద్దవాళ్ల దగ్గర కూడా నిలబడదు. 2024 డిసెంబర్ 12న ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్ గుర్తు తెచ్చుకోండి. గుకేశ్, డింగ్ చెరో ఆరున్నర పాయింట్లతో ఉన్నారు. ఆ గేమ్ కూడా డ్రా దారిలోనే ఉంది. 55వ ఎత్తులో డింగ్ రూక్ ఎఫ్2 వేశాడు. రూక్‌లు మారిపోయాక బిషప్‌లు కూడా తప్పనిసరిగా మారిపోతాయనీ, మిగిలే బంట్ల ఎండ్‌గేమ్ తనకి ఓటమనీ ఆ ఒక్క క్షణం చూడలేదు. 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

చూడకపోవడం అక్కడా ఉంది, అండర్-11లోనూ ఉంది. తేడా ఏమిటంటే గుకేశ్ 55వ ఎత్తు దాకా కూర్చుని, డ్రా అనుకునే పొజిషన్‌ని వదలకుండా ఆడించాడు. పాపకి ఆ కూర్చునే ఓపిక రావాలి. అది రావడానికి కారో-కానే దారి అయితే కారో-కాన్ ఇవ్వండి, ఈ5 దారి అయితే ఈ5. నాకు ఓపెనింగ్ పేరుతో పని లేదు.

ఎనిమిదో_వరుస

బిషప్_ఎఫ్4 గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. మధ్యకాలంలో ఏం చేయాలి?

నేను చెప్పే పద్ధతికి ఎత్తులు కంఠస్థం చేయనక్కర్లేదు. నాలుగో ఎత్తు దగ్గర బోర్డు పెట్టి పాపని తెల్ల వైపు కూర్చోబెట్టండి. అవును, తెల్ల వైపు. మీరు నల్లతో గుర్రం×డి5 కొట్టండి, తనని ఎఫ్7 మీద బలి ఇవ్వనివ్వండి. ఎనిమిదో ఎత్తులో మీరు బి4కి రండి. 9. క్వీన్ ఈ4 సి6, 10. ఏ3 గుర్రం ఏ6, 11. డి4 గుర్రం సి7 దాకా వెళ్తుంది. ఇక్కడ ఒక పావు తక్కువ ఉన్న తెల్ల దాడి ఎలా కొనసాగించాలో పాపనే వెతకనివ్వండి. తెల్లకి బాగుందని కంప్యూటర్ చెప్తుంది, కానీ చేత్తో గెలిచి చూపించడం ఎంత కష్టమో తనకే తెలుస్తుంది. తర్వాత వైపులు మార్చండి. ఒకసారి దాడి చేసిన పిల్లకి, కాచుకునేటప్పుడు దాడి ఎటు నుంచి వస్తుందో తెలుస్తుంది. ఎత్తులు మరిచిపోయినా డి5 మీద లెక్క మరిచిపోదు.

గెలిచిన బాబు కోచ్‌కి కూడా నేను ఇదే చెప్తాను, తెల్లగడి_నల్లగడి గారూ. మీ దిగులు నాకూ ఉంది. గుర్రం జి5 నేర్పేవాళ్లు, ఏ5 జవాబు వచ్చాక బంటు ఎక్కువ పెట్టుకుని ఎలా కాచుకోవాలో కూడా నేర్పితే అందులో ఏ తప్పూ లేదు. మొదటి సగం నేర్పి వదిలేయడం పిల్లకి ద్రోహం.

బంటు_అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. ఎనిమిదో_వరుస గారు చెప్పినట్టు తెల్ల వైపు కూర్చోబెట్టాం. మూడో ఎత్తు దాకా వచ్చి తనే ఆగి, "ఇక్కడ గుర్రం ఎఫ్6కి కాకుండా బిషప్ సి5కి వేస్తే వాళ్ల గుర్రం జి5కి రాగలదా?" అని అడిగింది. మాకు జవాబు తెలియదు. వచ్చే వారమే ఇంకో టోర్నమెంట్ ఉంది, అందుకే అడుగుతున్నాను.

అండర్16_ఆడుతున్నా

రాలేదు ఆంటీ! నల్లగుర్రం ఎఫ్6లో లేదు కాబట్టి డి8 నుంచి జి5 దాకా క్వీన్‌కి దారి తెరిచే ఉంటుంది. 4. గుర్రం జి5 వేస్తే క్వీన్ ఊరికే కొట్టేస్తుంది. పాపకి సూపర్ అని చెప్పండి.

బిషప్_ఎఫ్4

ఇది నాకు నచ్చింది. వచ్చే వారానికి 3... బిషప్ సి5 చాలు, వారంలో కొత్త ఓపెనింగ్ ఎవరికీ వద్దు. తర్వాత కారో-కాన్ విషయం మళ్లీ ఆలోచించండి, నా అభిప్రాయం మారలేదు. ఒక్కటి మాత్రం చూసి వెళ్లాలి. బిషప్ సి5కి వస్తే తెల్ల 4. బి4 తోసి ఇవాన్స్ గాంబిట్ ఆడొచ్చు. దానికి ఏం చెప్తారు?

ఎనిమిదో_వరుస

రెండు దారులు. బిషప్‌తో బి4 కొట్టి, 5. సి3 వచ్చాక ఏ5కి గానీ ఈ7కి గానీ వెనక్కి రావచ్చు. అంత పోరు ఇప్పుడే వద్దనుకుంటే బంటు ముట్టుకోకుండా 4... బిషప్ బి6. ఈ టోర్నమెంట్‌కి బి6 సరిపోతుంది. కానీ ఏది వేయాలో మీరు చెప్పకండి. రెండూ బోర్డు మీద పెట్టి తననే ఎంచుకోమనండి, ఎందుకు ఎంచుకుందో తన మాటల్లో చెప్పమనండి. బి4లో కొట్టాక తెల్లకి డి4 తోయడం ఎంత సులువవుతుందో తనే చూస్తే, అప్పుడు ఏది ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

గడియారం_పక్కన

ఎదుటివాళ్ల ఎత్తు ముందు రాయమని చెప్పడం మరిచిపోకండి. ఎఫ్7 అయినా బి4 అయినా.